పై మెట్టు అతిథి

మా ఇంట్లో కాఫీ కప్పులకు మూతలు వచ్చింది హోటళ్ల వల్లేనని నేను చాలాకాలం నమ్మాను.

మా ఆయన తూకం యంత్రాలు సరిచూసే ఇంజనీరు. కిరాణా కొట్టు కాటాలు కాదు. మందుల కంపెనీల్లో, ల్యాబుల్లో అద్దాల పెట్టెల్లో ఉండే సున్నితమైనవి. మనం పక్కన నిలబడి గట్టిగా ఊపిరి వదిలినా అంకె మారిపోతుందట. వాటి మీద పట్టకారుతో బియ్యపు గింజంత తూకపు రాళ్లు పెట్టి, యంత్రం నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో తేల్చి, ముద్ర వేసి రావడం ఆయన పని. నెలలో మూడు వారాలు ఊళ్లు తిరగడమే. ఏ ఊరు వెళ్లినా ఒకే సంస్థ హోటళ్లలో దిగేవాడు. అలా దిగి దిగి, మెట్టు మెట్టు ఎక్కి, ప్లాటినం సభ్యుడయ్యాడు. వెండి సభ్యుడైనప్పుడు నాకు చెప్పాడు. బంగారం అయినప్పుడు చుట్టాలకు చెప్పాడు. ప్లాటినం అయ్యాక పాలవాడికి కూడా తెలిసింది. మా తమ్ముడైతే 'ప్లాటినం బావ' అని పేరే పెట్టేశాడు.

ఆ హోదాతో పాటు ఇంటికి దొరతనం కూడా వచ్చింది. కాఫీ నిండుగా పోస్తే తాగడు. అరకప్పు పోసి, పైన మూత పెట్టి ఇవ్వాలి. సూపుకు మామూలు చెంచా పనికిరాదు, గరిటెకు తమ్ముడిలాంటి లావు చెంచా కావాలి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ గుండీల చొక్కా తొడగడు, గుండ్రటి మెడ బనియన్లే. తలుపు దగ్గరికి ఎవరైనా పార్సిల్ తెస్తే సంతకం కూడా నేనే పెట్టాలి.

"అవునులెండి, దొరలు సంతకాలు పెడితే రాజ్యాలు చేతులు మారతాయి," అనేదాన్ని. "కాఫీ కావాలంటే తొమ్మిది నొక్కండి, రూమ్ సర్వీసు వస్తుంది."

ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఊరుకోవడం ఆయనకు అంత లాభమని నాకేం తెలుసు?

ఈ ఏడాది ఆఖర్లో ఆ హోటళ్ల వాళ్లు ఒక కబురు పంపారు. వచ్చే ఏడాది నుంచి వెండి, బంగారం, ప్లాటినం మెట్లన్నీ తీసేస్తున్నారట. కారణం నాకు సబబుగానే తోచింది. బ్యాంకు కార్డు తీసుకున్న ప్రతివాడికీ ప్లాటినం పంచిపెట్టారు. దాంతో ప్లాటినం వాళ్ల వరస మామూలు వాళ్ల వరస కంటే పొడుగైపోయింది. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరు? ఇక మీదట మెట్లు ఉండవు, ప్రతి అతిథినీ విడివిడిగా గుర్తుపెట్టుకుంటాం, ఎవరికి ఏది కావాలో అదే చేస్తాం అన్నారు. అయితే ఏడాది ముగిసేలోగా నిర్ణీత రాత్రులు పూర్తిచేసిన పాతవాళ్లకు మాత్రం జీవితకాల ప్లాటినం కార్డు ఇస్తారట.

మా ఆయనకు మూడు రాత్రులు తక్కువయ్యాయి.

"మూడంటే మూడే," అన్నాడు, రైలు కళ్లముందే వెళ్లిపోతున్నవాడిలా. "ఆ కార్డొక్కటి చేతికొస్తే చాలు. టూర్లు మానేస్తా. ఆఫీసులో కూర్చునే పని ఇమ్మని అడుగుతా. ఒట్టు."

ఆ మాటకు నేను కరిగిపోయాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే, కాపురం విషయంలో కొత్త పెళ్లికూతురికి నాకంటే ఎక్కువ అనుభవం ఉంటుంది. ఆయనకు కార్డు కావాలి, నాకు మనిషి కావాలి. కార్డు వస్తే మనిషి వస్తాడు. ఇంతకంటే సులువైన బేరం ఉంటుందా?

చిక్కల్లా ఏడాది ఆఖరు దాకా ఆయనకు టూర్లు లేకపోవడమే. అందుకని మన ఊళ్లోనే, మన ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న శాఖలోనే మూడు రాత్రులు ఉందామన్నాడు.

"ఇల్లు పెట్టుకుని హోటల్లోనా?"

"సెలవు అనుకో."

"ఆ కిటికీలోంచి మన డాబా కనిపిస్తుందండీ. ఆరేసిన బట్టలు కూడా కనిపిస్తాయి."

"అయితే తీసేసి రా."

సూట్‌కేసుతో మెట్లు దిగుతుంటే పై వాటాలో ఉండే మా ఆడపడుచు పట్టుకుంది.

"ఎక్కడికి వదినా ప్రయాణం?"

"ఇక్కడికే. పెద్ద హోటలుకి."

"ఏం, ఇంట్లో నీళ్లు రావట్లేదా?"

"మీ అన్నయ్యకు హోదా రావట్లేదు."

"మా అన్నయ్య పొద్దుపోక చేస్తాడు, నువ్వు బుద్ధిలేక వెళ్తున్నావు," అని తీర్పు చెప్పి, "సబ్బులు తీసుకురా," అంది.

హోటలు రిసెప్షన్‌లో ఒక అమ్మాయి మా కోసమే నిలబడి ఉంది. మెడలో అతిథి సేవల బ్యాడ్జీ, మొహంలో నేర్చుకున్న నవ్వు కాక అసలు నవ్వే ఉంది. మా ఆయనను చూడగానే, "రండి సార్. మా దగ్గర దిగడం మొదటిసారే అయినా మీరు మాకు కొత్త కాదు. మీ ఏర్పాట్లన్నీ చేసేశాం," అంది.

మా ఆయన మొహం మాడింది. "ఏర్పాట్లేం వద్దమ్మా. మామూలు రూము చాలు."

"అయ్యో, అన్నీ సిద్ధం సార్. కొత్త పద్ధతి ముందే మొదలుపెట్టేశాం. ఒక శాఖలో మీకు చేసింది అన్ని శాఖలకూ తెలుస్తుంది."

"ఏం ఏర్పాట్లండీ?" అన్నాను.

"ఏముంటాయి, దిండ్లు," అన్నాడు మా ఆయన, లిఫ్టు వైపు నడుస్తూ.

రూము తలుపు తెరవగానే నన్ను దాటుకుని ముందు ఆయన బాత్రూమ్‌లోకి దూరాడు. లోపల ఏదో నేల మీద ఈడ్చిన చప్పుడైంది. బయటికి వచ్చాక నేను వెళ్లి చూశాను. స్నానం చేసే చోట, తెర వెనక్కి నెట్టిన ప్లాస్టిక్ స్టూలు ఉంది. కాళ్లకు జారకుండా రబ్బరు తొడుగులు. గోడకు కొత్తగా బిగించిన పట్టుకునే కడ్డీ.

"ప్లాటినం అంటే స్నానానికి కూడా సింహాసనం వేస్తారా?" అన్నాను.

"ఆఁ," అని నవ్వాడు. ఆ నవ్వు ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువసేపు ఉంది.

మిగతా గదుల్లో వేడినీళ్ల కెటిల్ ఉంటుంది. మా గదిలో పైన నొక్కితే నీళ్లు వచ్చే ఫ్లాస్కు ఉంది. దాని పక్కన మూతలున్న కప్పులు రెండు. చెంచా అయితే మా ఇంటి లావు చెంచాకు కవల. మంచం నుంచి బాత్రూమ్ దాకా గోడ అడుగున చిన్న చిన్న దీపాలు వరసగా ఉన్నాయి. ఈ దొరతనం అంతా హోటళ్లలోనే నేర్చుకున్నాడని నేను అనుకున్నది రుజువైంది కదా అని మొదట సంతోషించాను. పైగా మూత కప్పులో కాఫీ పోసుకుని తాగి చూశాను. పసిపిల్లలా ఉంది నా వాలకం.

కానీ కిటికీ దగ్గర కూర్చుని, మా డాబా మీద ఆడపడుచు మా తీగ మీదే బట్టలు ఆరేసుకోవడం చూస్తున్నంతసేపూ ఆ స్టూలు కాళ్ల రబ్బరు తొడుగులు కళ్లముందే ఉన్నాయి. సింహాసనాలకు రబ్బరు తొడుగులు ఉండవు.

మూడో రోజు పొద్దున లాండ్రీ నుంచి ఆయన చొక్కాలు వచ్చాయి.

చొక్కాల సంగతి నాకు తెలుసు. లాండ్రీవాడు ఎవడైనా హ్యాంగర్ మీద నిలబడటానికి మెడ గుండీ పెడతాడు, నడుమ ఒకటో రెండో పెడతాడు. ఈ చొక్కాలకు మెడ గుండీ, దాని కింది గుండీ వదిలేసి, మిగతావన్నీ పెట్టి ఉన్నాయి. రెండు చొక్కాలకూ అంతే. చేతి గుండీలు కూడా పెట్టేసి ఉన్నాయి. పొరపాటున ఒక చొక్కాకు జరగొచ్చు. రెండింటికీ అలా జరిగిందంటే ఎవరో చెప్పి చేయించారన్నమాట.

ఇలా పెట్టిన చొక్కాను ఎవరు తొడుక్కుంటారు? తల మీద నుంచి దింపుకునేవాళ్లు. గుండీలు పెట్టుకోలేనివాళ్లు.

అప్పుడు ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. గుండ్రటి మెడ బనియన్లు, తొణక్కుండా అరకప్పు కాఫీ, మూత, లావు చెంచా, నా చేత పెట్టించిన సంతకాలు. నేను ఇన్నాళ్లూ దొరతనమని వేళాకోళం చేసినవి.

ఆయన స్నానం చేసి వచ్చాడు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. నా వైపు వీపు పెట్టి, చొక్కా తల మీద నుంచి దింపుకున్నాడు. పై రెండు గుండీలు వదిలేసి, అదే ఫ్యాషన్ అన్నట్టు కాలరు సర్దుకుని, "కిందికి వెళ్లి టిఫిన్ చేద్దామా?" అన్నాడు.

"మీరు వెళ్తూ ఉండండి, వస్తా."

ఆయన వెళ్లాక వరండాలో ఆ బ్యాడ్జీ అమ్మాయి కనిపిస్తే ఆపాను.

"ఏమ్మా, ఈ స్టూలూ అవీ ఎప్పటినుంచి పెడుతున్నారు ఆయనకు?"

ఆ అమ్మాయి మొహంలో అసలు నవ్వు పోయి, నేర్చుకున్న నవ్వు వచ్చింది. "అది సార్ వివరాల్లో ఉంటుంది మేడమ్. నేను చెప్పకూడదు."

"నేను ఆయన భార్యనమ్మా."

"తెలుసు మేడమ్. కానీ మా దగ్గర మీరు తోడు అతిథి. సార్ ఒప్పుకుంటేనే తోడు అతిథికి చూపిస్తాం." పాపం, తనకే బాధనిపించినట్టుంది. "అడగండి మేడమ్ సార్‌నే. అడిగితే చెప్తారేమో."

ఏ ఊరి శాఖలోనైనా, పక్క దులిపే మనిషికి కూడా తెలిసిన సంగతి అది. దానికి నా హోదా చాల్లేదు. నేను వెండి కూడా కాదు.

టిఫిన్ దగ్గర ఆయన చేతులే చూశాను. బ్రెడ్డు ముక్కలను ఎడమచేత్తో తింటున్నాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పని లేనప్పుడు కూడా ఏదో గోలీని దొర్లిస్తున్నట్టు కదులుతున్నాయి. ఇన్నేళ్లు పట్టకారు పట్టిన వేళ్లు కదా, అలవాటు అనుకునేదాన్ని. గదికి వచ్చాక స్టూలు తెచ్చి నడిమధ్యలో పెట్టాను.

"ఇది మీదేనా?"

 ఆయన మంచం అంచు మీద కూర్చున్నాడు.

"ఒక ఊళ్లో బాత్రూమ్‌లో పడ్డాను. పెద్దగా ఏం కాలేదు. వాళ్లే స్టూలు వేశారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్తే అక్కడ వేస్తున్నారు."

"డాక్టరు ఏమన్నాడు?"

"డాక్టరెందుకు? చెయ్యి కాస్త వణుకుతుంది, అంతేగా."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే ఏం చేస్తావో తెలుసు కాబట్టి." గొంతులో కోపం ఉంది, ఎవరి మీదో తెలియని కోపం. "హోటలు వాళ్లకు తెలిస్తే కుర్చీ వేస్తారు. నీకు తెలిస్తే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెడతావు. వాళ్లు ఒక్క మాట అడగరు. పొద్దున్నే 'గుడ్ మార్నింగ్ సార్' అంటారు, చొక్కా గుండీలు పెట్టి పంపిస్తారు. నువ్వైతే తిట్టి, ఏడ్చి, మా చెల్లికి చెప్పి, మీ తమ్ముడికి చెప్పి..."

 అందులో అబద్ధమేమీ లేదు.

"పని ఎలా చేస్తున్నారు మరి? ఆ రాళ్లు ఎలా పెడుతున్నారు?"

"మణికట్టు బల్ల అంచుకు ఆనిస్తే ఆగుతుంది."

"ఆగకపోతే?"

"ఆగేదాకా ఉండి పెడతా. ఇప్పటిదాకా ఒక్క తప్పుడు ముద్ర వెయ్యలేదు." ఆ మాట నాకు కాదు, అద్దాల పెట్టెలకు చెబుతున్నట్టు చెప్పాడు.

"సరే, కార్డు రాగానే మానేస్తానని ఒట్టు పెట్టారుగా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"ఏవండీ."

"సోమవారం ఒక టూరు ఒప్పుకున్నా. మందుల కంపెనీ. అదొక్కటే."

"ఆ తర్వాత?"

"జీవితకాలం కార్డు పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే అది దేనికి పనికొస్తుంది చెప్పు?"

సులువైన బేరం అనుకున్నాను కదా. కార్డు వస్తే మనిషి రాడు. కార్డు వచ్చేది మనిషి వెళ్లడానికే. ఆయన రోడ్ల మీద ఉన్నన్నాళ్లూ ఇంకా పని చేసే మనిషి. ఏ ఊరు వెళ్లినా పడకుండా పట్టుకునే కడ్డీ సిద్ధంగా ఉంటుంది, ఎందుకని అడిగేవాళ్లు ఉండరు. ఇంటికొచ్చి కూర్చున్న రోజున దానికొక పేరు పెట్టాలి. పేరు పెడితే మందులు, మందులతో పాటు నేను.

ఇంకొక్క రాత్రి మిగిలింది. నాకొక పాడు ఆలోచన కూడా వచ్చింది. ఇప్పుడే సూట్‌కేసు సర్ది ఈయన్ను ఇంటికి లాక్కుపోతే లెక్క చెడుతుంది, పీడా పోతుంది. కానీ కార్డు పోగొట్టుకున్న మనిషి సోమవారం టూరుకు ఇంకా పట్టుదలగా వెళ్తాడు. ఈయన సంగతి నాకా మాత్రం తెలుసు. ఉన్నాను. ఆ రోజంతా ఇద్దరం ఒకరికొకరు కొత్త అతిథుల్లా, 'ముందు మీరు వెళ్లండి', 'పర్లేదు నువ్వు వెళ్లు' అనుకుంటూ గడిపాం.

మర్నాడు పొద్దున రిసెప్షన్‌లో మేనేజరు వచ్చి మా ఆయనకు చిన్న పెట్టె ఇచ్చాడు. లోపల గుడ్డ మీద నల్లటి కార్డు. చుట్టూ ఉన్న నలుగురు సిబ్బంది చప్పట్లు కొట్టారు. మా ఆయన మొహం వెలిగింది. ఆయన మెట్లు ఎక్కడం ఇన్నేళ్లు వేళాకోళం చేసినదాన్ని. ఆ వెలుగు చూసి నేనూ చప్పట్లు కొట్టాను. మేనేజరు చెయ్యి చాస్తే ఎడమచెయ్యి ఇచ్చాడు. కుడిది జేబులో ఉంది.

బ్యాడ్జీ అమ్మాయి పలకలాంటి అద్దం ముందు పెట్టింది. "ఇక్కడ వేలితో సంతకం పెట్టండి సార్. జీవితకాల సభ్యులు ఒక తోడు పేరు కూడా ఇవ్వొచ్చు. వాళ్లకూ ఇవే సౌకర్యాలు, మీ వివరాలన్నీ వాళ్లకు కూడా కనిపిస్తాయి. ఇవ్వకపోయినా పర్లేదు సార్."

"పేరు తర్వాత చూద్దాం," అన్నాడు మా ఆయన.

సంతకం పెట్టాడు. పాత సంతకంతో కలవలేదని అద్దం ఎర్రగా చూపించింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్రగానే వచ్చింది. మూడోసారి ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, బల్ల అంచుకు ఆనించి, ఊపిరి బిగపట్టి పెట్టాడు. తూకపు రాయి పెట్టేటప్పుడు ఆయన ఎలా ఉంటాడో నేను మొదటిసారి చూశాను. అక్షరాలు కోడి గీకినట్టు వచ్చాయి. అద్దం ఒప్పుకోలేదు.

చప్పట్లు కొట్టినవాళ్లు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. నేను చెయ్యి అందించలేదు, మాట కలపలేదు. నేను చేసిన సాయం అదొక్కటే.

ఆయన అద్దం వైపు చూసి, నా వైపు చూశాడు. మళ్లీ జేబులో దోపుకున్న కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని దాచలేదు. అది వణుకుతూ ఉంది, అందరూ చూస్తున్నారు.

"ఈవిడ పేరు రాయమ్మా," అన్నాడు. "సంతకం ఈవిడే పెడుతుంది. మా ఇంట్లో ఎప్పుడూ ఈవిడే పెడుతుంది."

ఆ అమ్మాయి నా పేరు ఎక్కించాక నేను పెట్టాను. అద్దం పచ్చగా వెలిగింది.

"వివరాలు మీ ఫోన్‌కు పంపించనా మేడమ్?"

"ఇక్కడే చదువు," అన్నాడు మా ఆయన. "నేనుండగానే వింటుంది."

ఆ అమ్మాయి గొంతు తగ్గించి చదివింది. స్నానం దగ్గర స్టూలు. వేడినీళ్లు చేతికి ఇవ్వకూడదు. చొక్కా గుండీలు పెట్టి ఇవ్వాలి. తివాచీ అంచులు లేవకుండా అంటించాలి. పొద్దున లేచేసరికి కాళ్లు బిగుసుకుపోతాయి, తలుపు తీయడానికి ఆలస్యమైతే కంగారు పడి మళ్లీ మళ్లీ కొట్టకూడదు. ఈ కాళ్ల సంగతి గదిలో ఏర్పాట్లన్నీ చూసి కూడా నేను కనుక్కోలేకపోయాను. ఆఖరున అమ్మాయి ఆగింది.

"అది కూడా చదువు," అన్నాను.

"దీని గురించి అతిథిని ఏమీ అడగవద్దు. అడిగితే నొచ్చుకుంటారు."

మా ఆయన కార్డు పెట్టె మూత మూశాడు. నేను ఆయన్ను సోఫా దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను.

"ఎప్పటినుంచి?" అని అడిగాను.

నొచ్చుకున్నాడు. మొహం తిప్పుకున్నాడు, దవడ బిగించాడు. బయట మా కోసం పిలిచిన టాక్సీవాడు హారన్ కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు. నేను అడిగిన మాట వెనక్కి తీసుకోలేదు.

"చెల్లి పైవాటాలోకి వచ్చిన ఏడాది నుంచి," అన్నాడు చివరికి. అంటే నాలుగేళ్లు. "మొదట చిటికెన వేలు."

ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి చెప్పాడు. ఏడవకుండా విన్నాను, అది నాకు ఎంత కష్టమో ఆయనకు తెలుసు.

చెప్పడం అయ్యాక ఫోను తీసి నా ఒళ్లో పెట్టాడు. "సోమవారం రాలేనని ఆఫీసుకు చెప్పు. నేను చెబితే మళ్లీ ఒప్పుకుంటా."

చెప్పాను. వెంటనే నరాల డాక్టరుకు కూడా ఫోన్ చేశాను. మా ఆయన మనసు మారేలోగా.

"డాక్టరు దగ్గర ఎంతసేపు పడుతుంది?" అన్నాడు, కార్డు పెట్టెను అటూ ఇటూ తిప్పుతూ.

"ఏమో. అక్కడ మనల్ని ఎవరూ ఎరగరు. వరసలో కూర్చోవాలి."